రబ్బరక్క చెప్పిన సరే

ఆవిడకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. పదిహేనేళ్లుగా అందరికీ ఆవిడ రబ్బరక్క. పిల్లల పెన్సిలు డబ్బాలో ఉంటుంది చూడండి, తప్పు గీత చెరిపేది, ఆ రబ్బరు. ఆవిడ ఉద్యోగమే చెరపడం మరి. సినిమాలో హీరో మేడ మీంచి మేడ మీదికి ఎగురుతాడు, మనం ఈలలు వేస్తాం. ఆ ఎగిరేవాడి నడుముకి సన్నటి ఉక్కు తాడు ఉంటుంది. అది తెర మీద కనపడిందో, హీరో కాస్తా తోలుబొమ్మ అయిపోతాడు. అందుకని సెకనుకి ఇరవై నాలుగు బొమ్మల చొప్పున, ఒక్కో బొమ్మనీ కంప్యూటరులో పెద్దది చేసుకుని, తాడు తీసేసి, ఆ సందులో ఆకాశాన్నో గోడనో పూడ్చి పెట్టాలి. పది సెకన్ల ఎగురుడికి రబ్బరక్కకి వారం రోజుల చాకిరీ. అంతా అయ్యాక ఆవిడ పని ఎవరికీ కనపడదు. కనపడకపోవడమే ఆ పనికి మార్కులు.

ఆ ఎగిరేది హీరో కాదని మీకు తెలిసే ఉంటుంది. ఆయన బదులు ఎగిరేవాడు వేరే ఉంటాడు. చాలా సినిమాల్లో ఆ వేరేవాడు రబ్బరక్క సొంత తమ్ముడే. ఫైటర్లందరూ వాణ్ని పిచ్చుక అంటారు. అంత తేలిక మనిషి. వాళ్లమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. కొడుకు మోకాళ్లకీ మోచేతులకీ దూది మెత్తలు కూడా ఆవిడే కుట్టేది. "అమ్మ మెత్తలు కుడుతుంది, నేను వేలాడతాను, అక్క తాడు చెరుపుతుంది. ఇంటిల్లిపాదీ నా నడుము పట్టుకునే బతుకుతున్నారు" అని పిచ్చుక ఎగతాళి చేసేవాడు. అమ్మ మాత్రం నవ్వేది కాదు. కుట్టిన మెత్తని తిరగేసి, వెనక కుట్టు వేలితో తడిమి చూసి, అప్పుడు ఇచ్చేది.

పదేళ్ల కిందట ఒక సంగతి జరిగింది. తర్వాత జరిగినదంతా దానికి పుట్టిన పిల్లే.

ఒకరోజు రబ్బరక్క తమ్ముడి తాడే చెరుపుతూ, తాడు చివర నడుముపట్టీకి తగిలించే కొక్కెం దగ్గర ఆగిపోయింది. కొక్కెం మూతి ఒక వెంట్రుకవాసి విచ్చుకుని ఉంది. మామూలు కంటికి ఆనదు. ఒక్కో బొమ్మనీ గోడంత చేసి చూసే మనిషికి తప్ప ఇంకెవరికీ ఆనదు. వెంటనే తమ్ముడికి ఫోను కొట్టింది. తమ్ముడు తాళ్ల పెద్దాయనకి చూపించాడు. తాళ్ల పెద్దాయనంటే షూటింగుల్లో గిలకలూ తాళ్లూ బిగించే మనిషి. ముప్పయ్యేళ్ల అనుభవం. ఆయన కొక్కేన్ని రెండు వేళ్లతో లాగి చూశాడు, అది విరిగి చేతికొచ్చింది.

ఆ రోజు నుంచీ అదొక ఆచారమైపోయింది. పెద్ద దూకుడు ఉందంటే, ముందు రిహార్సల్ చేసి, కెమెరాలో తీసిన ముక్కని పిచ్చుక అక్కకి పంపేవాడు. ఆవిడ తాడుని మొదట్నుంచీ చివరిదాకా, బొమ్మ బొమ్మకీ పెద్దది చేసి చూసి, 'సరే' అని ఒక్క ముక్క పంపేది. ఆ సరే వస్తే గానీ తాళ్ల పెద్దాయన అసలు షాట్‌కి తాడు బిగించేవాడు కాదు. ఈ కబురు ఫైటర్లందరికీ పాకింది. వాళ్లూ పంపడం మొదలుపెట్టారు. రబ్బరక్క ఎవరినీ కాదనలేదు. చూసేది, సరే అనేది. పదేళ్లలో మళ్లీ కొక్కెం విరగలేదు, తాడు తెగలేదు. "రబ్బరక్క చూసింది" అంటే ఇక తిరుగు లేదు.

అంతకుముందు తాళ్ల పెద్దాయన పద్ధతి వేరుగా ఉండేది. నడుముకి ఒక పాత నూలుగుడ్డ దోపుకునేవాడు. తాడుని ఆ గుడ్డలో పెట్టి గుప్పిట బిగించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగేవాడు. సన్నటి ఉక్కు తీగల్ని జడల్లాగా పేని చేసిన తాడది. ఎక్కడ ఒక్క తీగ తెగినా దాని మొన గుడ్డకి చిక్కుకుంటుంది. వంద అడుగుల తాడుకి అరగంట పట్టేది. డైరెక్టరు విసుక్కునేవాడు. రబ్బరక్క సరే మొదలయ్యాక ఆ అరగంట తగ్గించుకున్నారు. తర్వాత్తర్వాత గుడ్డ నడుముకే ఉండేది గానీ చేతిలోకి వచ్చేది కాదు. ఆయన కళ్లకి శుక్లాలు కమ్ముకొస్తున్నాయనీ, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదనీ పిచ్చుకకి తెలుసు. తెలిసినా ఊరుకున్నాడు. కంటికి రెప్పలాగా అక్క ఉంది కదా అనుకున్నాడు.

ఇంతలో రబ్బరక్క కొలువుకి ఎసరొచ్చింది.

తాళ్లు చెరిపే యంత్రం వచ్చింది. యంత్రమంటే ఇనుపది కాదు, కంప్యూటరులోదే. వారం రోజుల పని గంటలో చేసి పారేస్తుంది. మొదట రబ్బరక్క పక్క కుర్చీ ఖాళీ అయింది. తర్వాత ఆ వరస. ఖాళీ కుర్చీల్ని తీసేయకుండా అలాగే ఉంచారు. పొద్దున్నే లైట్లు వెలిగేసరికి అవి ఆవిడ వైపే తిరిగి కూర్చున్నట్టు ఉండేవి. యంత్రం పని చేస్తుంటే ఆవిడ ఒకసారి వెనక నిలబడి చూసింది. తాడు ఇలా కనపడి అలా మాయమవుతోంది. అది తాడుని చూడటం లేదు, తీసేస్తోంది, అంతే. ఇన్నాళ్లూ ఏ తాడయినా చెరిగే ముందు ఒక మనిషి కంట పడి చెరిగేది. ఇక ఆ కన్ను కూడా లేదు.

అప్పటికి ఆవిడకి ముప్పై ఎనిమిది. ఆరు నెలలు తెల్లవారుజామునే లేచి, వీడియో గేములకి బొమ్మలు కట్టే విద్య నేర్చుకుంది. గేముల కంపెనీ ఒకటి పరీక్ష పెట్టి, మూడు నెలలు చూస్తామని తీసుకుంది. అక్కడ అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లే. ఆవిడకి పని చెప్పే పై అధికారిణికి ఇరవై ఆరు. చూడ్డానికి కాలేజీ పిల్లలాగా ఉంటుంది, స్కూటరు మీద వస్తుంది. అందరూ చిన్న మేడం అంటారు. ఆవిడ మాత్రం రబ్బరక్కని "అక్కా" అనే పిలిచేది.

ఉద్యోగం మారినా తమ్ముడి ఆచారం మారలేదు. "నువ్వు గేముల్లోకి వెళ్లు, గుళ్లోకి వెళ్లు, నా తాడు మాత్రం నువ్వే చూడాలక్కా" అన్నాడు పిచ్చుక. "నీ సరే రాకపోతే నాకు కాళ్లు లేవవు." అక్క సరేనంది.

సినిమా చేతికి గేము పని ఓ పట్టాన లొంగదు. సినిమాలో కెమెరాకి కనపడేదే ఉంటుంది. కోట కావాలంటే ముందు గోడ కడతారు, వెనక కర్రలు ఆసరాగా పెడతారు. పైన పటారం లోన లొటారం. అది అక్కడ తప్పు కాదు, ధర్మం. కనపడని వైపు పని చేశావంటే నీకు బుర్ర లేదంటారు. గేములో అలా కాదు. కెమెరా ఆడేవాడి చేతిలో ఉంటుంది. వాడు గోడ వెనక్కి వెళ్తాడు, మంచం కింద దూరతాడు, బావిలోకి తొంగి చూస్తాడు. రబ్బరక్క మొదట కట్టిన ఇల్లు ముందు నుంచి చూస్తే ముచ్చటేసింది. చిన్న మేడం గేములోకి వెళ్లి ఇంటి వెనక్కి నడిచింది. ఇల్లు లేదు. గోడకి వెనక వైపు గీయలేదు గనక, అటు నుంచి చూస్తే ఉత్త ఆకాశం. పిల్లలందరూ నవ్వారు, రబ్బరక్క కూడా నవ్వింది. "అక్కా, పనైపోయిందనుకున్నాక ఒక్కసారి చుట్టూ తిరిగి రండి" అంది చిన్న మేడం.

ఇంటికెళ్లి చెబితే అమ్మ మిషను ఆపి, కళ్లజోడు పైనుంచి చూసింది. "ఇది ఆ పిల్ల చెప్పాల్సి వచ్చిందా? తిరగేసి చూడని కుట్టు కుట్టే కాదని నీకు చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను కదే."

ఆ మాట వినీ రబ్బరక్క నవ్వేసి ఊరుకుంది. అప్పటికైనా తట్టాల్సింది. తట్టలేదు.

మూడో నెల చివర్లో, ఒక శుక్రవారం పొద్దున, ఆవిడ ఇంకా చెప్పులు వేసుకుంటుండగానే ఫోనులో మూడు వీడియో ముక్కలు వచ్చాయి. ఒకటి తమ్ముడిది. ఊరి చివర ఎత్తైన నీళ్ల ట్యాంకు మీంచి దూకుడు, తొమ్మిది అంతస్తుల ఎత్తు. మిగతా రెండూ వేరే ఫైటర్లవి. ఫోనులో వేళ్లతో పెద్దది చేసుకుని మూడూ చూసింది. తమ్ముడి తాడు మిలమిల మెరుస్తూ, నూనె రాసిన జడలాగా ఉంది. కొక్కెం గట్టిగా ఉంది. మూడింటికీ మూడు సరేలు పంపి బస్సెక్కింది.

ఆ రోజు చిన్న మేడంకి చూపించాల్సిన పని గంటస్తంభం. పాడుబడిన రాతి మేడ, పైన పెద్ద గిలక, గిలక మీంచి దిగే తాడు, తాడుకి వేలాడే కంచు గంట. రబ్బరక్క ప్రాణమంతా తాడు మీదే పెట్టింది. పదిహేనేళ్లు చెరిపిన వస్తువుని మొదటిసారి గీస్తోంది మరి. ప్రతి జడా, జడలో ప్రతి తీగా, తీగ మీద తుప్పు మరకా, అన్నీ దించేసింది. గోడ విషయంలో ఒకసారి నవ్వులపాలయింది కాబట్టి, స్తంభం చుట్టూ నాలుగుసార్లు తిరిగి చూసుకుంది కూడా. తాడు చుట్టూ మాత్రం తిరగలేదు. తాడు నాకు తెలుసు కదా అనుకుంది.

చిన్న మేడం మెట్లెక్కి గంట దగ్గరికి వెళ్లింది. "అబ్బ, తాడు నిజం తాడులాగే ఉందక్కా" అంది. అలా అంటూనే పక్కకి జరిగింది. తాడు సన్నబడింది. ఇంకా జరిగింది. తాడు గీతంత అయింది. వెనక్కి వెళ్లేసరికి తాడు లేదు. అంత బరువు గంట, కింద మెట్ల గొయ్యి మీద, దేన్నీ పట్టుకోకుండా గాల్లో వేలాడుతోంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. రబ్బరక్క ముఖం చూసి నవ్వలేకపోయారు. తాడుని ఆవిడ అట్టముక్కలాగా ఒకవైపే గీసింది. ఎందుకంటే ఆవిడ జన్మలో తాడుని ఒకవైపు నుంచే చూసింది. కెమెరా వైపు నుంచి.

"అక్కా, ఏమైంది? ఇది పది నిమిషాల్లో సరిచేయొచ్చు" అంటోంది చిన్న మేడం.

రబ్బరక్కకి వినపడటం లేదు. గిలక మీద తాడు ఏ వైపు ఆనుతుంది? లోపలి వైపు. రాపిడి ఎక్కడ? లోపలి వైపు. అరిగేది ఎక్కడ? కెమెరా ఎప్పుడూ ముందే ఉంటుంది, పిచ్చుక ముఖం తిప్పేసుకుని కెమెరా వైపుకే దూకుతాడు, తాడు అరిగే వైపు ఎప్పుడూ అవతలే. పదేళ్లు, వందల తాళ్లు. ఆవిడ ఒక్కదానికి కూడా వెనక వైపు చూడలేదు. ఆ చూడని తాళ్లన్నిటికీ సరే అంది.

తమ్ముడికి ఫోను చేసింది. ఆపేసి ఉంది. షూటింగులో ఫైటర్ల ఫోన్లన్నీ ఒక పెట్టెలో వేసి తాళం పెడతారు. తాళ్ల పెద్దాయనది మోగింది, ఎత్తలేదు. ఆయన ఫోను చూసేది సరే కోసమే. అది పొద్దున్నే వచ్చేసింది, ఇక ఎందుకు చూస్తాడు?

సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. చిన్న మేడం ఇంకేం అడగకుండా స్కూటరు తాళం తీసుకుంది.

ఊరి చివరికి ముప్పావుగంట. మధ్యాహ్నం ఎండ, రోడ్డు తెల్లగా మండుతోంది. రబ్బరక్క వెనక కూర్చుని ఫోను కొడుతూనే ఉంది. మోగి మోగి ఆగిపోతోంది. గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. సినిమాలో పనిచేశానంటే నమ్మలేదు. నమ్మడానికి ఆవిడ ముఖం అక్కడ ఎవరికీ తెలియదు. పదిహేనేళ్లు సినిమాల్లో ఉండి, షూటింగు జరిగే చోట అడుగుపెట్టడం అదే మొదటిసారి. "పిచ్చుక వాళ్ల అక్కని" అంది. అప్పుడు వదిలాడు.

అడ్డదారిన వెళ్లారేమో, ట్యాంకు వెనక వైపు తేలారు. కెమెరాలూ గొడుగులూ జనమూ అవతల. ఇటు పక్క ముళ్లకంపలు, పైకి చూస్తే తొమ్మిది అంతస్తుల సిమెంటు స్తంభాలు. అంచు మీద ఒక చిన్న మనిషి. వీపు కనపడుతోంది. ఇన్నేళ్లుగా ముందు నుంచే చూసిన తమ్ముణ్ని వెనక నుంచి చూసేసరికి ఆవిడకి వాడు ఎవరో పరాయివాడిలా అనిపించాడు. అరవబోయింది. ఇంతలో అవతల ఎవరో కేక వేశారు. వాడు దూకేశాడు.

తాడు జివ్వుమంది. గిలక కీచుమని మోగింది. ఆ చప్పుడు సినిమాలో ఉండదు, దాన్నీ ఎవరో చెరుపుతారు. వాడు తొమ్మిది అంతస్తులూ దిగి, నేలకి మనిషెత్తులో ఆగి, ఊగి, నిలబడ్డాడు. చప్పట్లు వినపడ్డాయి. ఆ వెంటనే మైకులో, ఇంకొక్కసారి చేద్దాం అని వినపడింది.

రబ్బరక్క పరిగెత్తింది. తాళ్ల పెద్దాయన తాడు మళ్లీ పైకి లాగే పనిలో ఉన్నాడు. ఈవిడెవరో ఆయనకి తెలియలేదు. పదేళ్లుగా మాటే తప్ప మనిషిని చూడలేదు కదా. "నేను రబ్బరక్కని" అంటే లేచి నమస్కారం పెట్టాడు.

"బాబాయ్, ఆ గుడ్డ తీయండి."

"ఎందుకమ్మా? నువ్వు సరే అన్నావుగా."

"నేను చూసింది ముందువైపే బాబాయ్. ఒక్కసారి గుడ్డ పెట్టి లాగండి."

ఆయన ఆవిడ వైపు చూశాడు. శుక్లాలు కమ్మిన కళ్లు, తెల్లగా, ఎండలో నీళ్లు కారుతున్నాయి. నడుముకున్న గుడ్డ తీసి, తాడు మీద వేసి, గుప్పిట బిగించి లాగడం మొదలుపెట్టాడు. జానెడు, బారెడు, రెండు బారలు. గుడ్డ నున్నగా జారుతోంది. పిచ్చుక ఒళ్లు దులుపుకుంటూ వచ్చి, అక్కని చూసి, "గేముల దొరసాని ఇటు దయచేసిందేంటి" అని నవ్వాడు. మూడో బార దగ్గర గుడ్డ ఆగిపోయింది.

లాగితే రాలేదు. ఇంకాస్త లాగితే పర్రుమని చిరిగింది. ఆయన తాడుని వేళ్లతో మెల్లిగా తిప్పాడు. ముందు వైపు మిలమిల మెరుస్తున్న తాడు, వెనక్కి తిరిగేసరికి ముళ్ల పంది వీపులాగా లేచి ఉంది. తీగలన్నీ తెగి మొనలు తేలాయి. ఆరు జడల్లో నాలుగు లేవు. మిగతా రెండింటి మీదే పిచ్చుక ఇప్పుడే దిగి వచ్చాడు.

మైకులో డైరెక్టరు తొందర పెడుతున్నాడు. పిచ్చుక ఆ మొనల మీద వేలు పెట్టి తీశాడు, రక్తం బొట్టు వచ్చింది. దాన్ని చూసుకుంటూ, నెమ్మదిగా అన్నాడు:

"సరే అన్నావు కదక్కా."

తిట్టి ఉంటే బాగుండేది. వాడు తిట్టలేదు. చిన్నప్పుడు మేడ మెట్ల మీంచి దూకేముందు కింద నిలబడిన అక్కని ఎలా చూసేవాడో అలాగే చూశాడు. రబ్బరక్క వాడి నడుముపట్టీ తన చేత్తో విప్పేసింది.

తాళ్ల పెద్దాయన నేల మీద కూలబడ్డాడు. చిరిగిన గుడ్డ ఒళ్లో పెట్టుకుని, ఏదో లెక్క వేసుకుంటున్నవాడిలా గొణుగుతున్నాడు. ఆ గొణుగుడులో ఒక మాట రబ్బరక్క చెవిన పడింది. ఈ తాడు పెద్ద చుట్టలోంచి కోసిందట. రెండేళ్లుగా ఒకే గిలకల మీద తిరిగిన చుట్ట. ఇందులో సగం నిన్న వేరే సినిమావాళ్లు పట్టుకెళ్లారట. చూశారా అని వాళ్లు అడగనైనా లేదట, రబ్బరక్క చూస్తుందిలే అన్నారట.

ఆవిడ ఫోను తీసింది. పొద్దుటి మూడు సరేలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రెండో ఫైటరుకి చేసింది. రెండో మోతకే ఎత్తాడు. దూకుడు రేపటికి వాయిదా పడింది, అన్నం తింటున్నాను అన్నాడు. తాడు ముట్టుకోవద్దని చెప్పి పెట్టేసింది.

మూడోవాడికి చేసింది. ఆ మనిషిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అందరిలాగే అక్కా అంటాడు, దూకాక దండం పెట్టే బొమ్మ ఒకటి పంపుతాడు. ఇవాళ ఆ బొమ్మ ఇంకా రాలేదు. ఫోను ఆపేసి ఉంది.

"ఎక్కడ బాబాయ్, నిన్న తాడు పట్టుకెళ్లినవాళ్ల షూటింగు?"

"కొండ రాళ్ల క్వారీ దగ్గరమ్మా. రెండు గంటల దారి."

"ఎన్నింటికి?"

ఆయన తలెత్తలేదు. "ఎండ వాలకముందే అన్నారు."

పిచ్చుక ఎవరినో బతిమాలి ఫోన్ల పెట్టె తాళం కోసం పరిగెత్తాడు, ఆ సినిమాలో తెలిసినవాళ్లు ఎవరైనా ఎత్తుతారేమోనని. చిన్న మేడం అప్పటికే స్కూటరు తిప్పింది. రబ్బరక్క వెనక కూర్చుంటూ, తెలిసీ తెలిసీ మళ్లీ ఆ నంబరే నొక్కింది. తర్వాత మెసేజీలు తెరిచి, పొద్దున పంపిన సరేని వేలితో నొక్కి పట్టుకుంది. చెరపాలా అని ఫోను అడిగింది. చెరిపేసింది. పదిహేనేళ్ల పనితనం, మచ్చ కూడా మిగల్లేదు. కానీ దాని పక్కన రెండు నీలం గీతలు పొద్దున్నే పడ్డాయి. అవతలివాడు అది చదివేశాడు.

ఎండ అప్పటికే కొంచెం పసుపెక్కింది.